సుబ్బారావు కనిపెట్టింది ఏది, కనిపెట్టించింది ఏది?

క్లుప్తంగా: భీమవరంలో పుట్టిన బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు పేరు మీద కణాలకి శక్తినిచ్చే ఏటీపీ, ఫోలిక్ యాసిడ్ విటమిన్, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, యాంటీబయాటిక్ టెట్రాసైక్లిన్, బోదకాలు మందు అన్నీ కలిపి ఒకే జాబితాగా తిరుగుతుంటాయి. వీటిలో కొన్ని ఆయన చేత్తో చేసిన పనులు, కొన్ని ఆయన నడిపిన బృందాలు చేసినవి, ఇంకొన్నిటిని అదే సమయంలో వేరే దేశాల వాళ్లు కూడా కనిపెట్టారు. కణం లోపల ఏం జరుగుతుందో కొలిచే పద్ధతుల మీద ఆయన ప్రభావం చాలా పెద్దది. జాబితాల్లో మాత్రం అది కనపడదు.

ఫార్వర్డ్‌లో వచ్చే సుబ్బారావు

జనవరి 12 వస్తే గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఆయన ఫోటో తిరుగుతుంది. 1895లో ఆ రోజున భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలో చదివారు, మెట్రిక్ మాత్రం మద్రాసులో మూడో ప్రయత్నానికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్లినందుకు తెల్లదొర ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది, చివరికి ఎంబీబీఎస్ బదులు దానికన్నా చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. తర్వాత మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ ఇచ్చిన డబ్బుతో అమెరికా వెళ్లారు. ఇంతవరకూ బాగానే ఉంటుంది. ఆ తర్వాత వచ్చే జాబితా దగ్గరే తికమక మొదలవుతుంది. 'ఏటీపీ కనిపెట్టింది ఈయనే, క్యాన్సర్ మందు కనిపెట్టింది ఈయనే, టెట్రాసైక్లిన్ కూడా ఈయనదే' అని వరసగా ఉంటుంది. అన్నిటి వెనకా ఒకటే క్రియ, 'కనిపెట్టారు'.

తెలుగులో కనిపెట్టడం వేరు, కనిపెట్టించడం వేరు. సుబ్బారావు వృత్తి జీవితాన్ని రెండుగా విరిస్తే మొదటి భాగం, అంటే హార్వర్డ్‌లో గడిపిన కాలం, మొదటి క్రియ కిందికి వస్తుంది. 1940 నుంచి చనిపోయేదాకా లెడర్లీ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీలో గడిచిన ఎనిమిదేళ్లు ఎక్కువగా రెండో దాని కిందికి వస్తాయి. రెండూ కలిపేస్తే మొదటి దానిలో ఉన్న అసలు గొప్పతనం తెలియకుండా పోతుంది, రెండో దానిలో పక్కవాళ్ల వాటా మాయమైపోతుంది.

నీలం రంగుతో లెక్క

1925లో హార్వర్డ్ బయోకెమిస్ట్ సైరస్ ఫిస్క్, సుబ్బారావు కలిసి జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఒక పేపరు వేశారు. పాతిక పేజీలు, విషయం భాస్వరాన్ని రంగుతో కొలవడం. పైకి చూస్తే ఇంత బోరు కొట్టే విషయం ఇంకోటి ఉండదు.

పద్ధతి ఇలా ఉంటుంది. రక్తమో మూత్రమో కండరం రసమో తీసుకుని అందులోని ప్రొటీన్ తీసేసి, మిగిలిన ద్రవానికి ఆమ్లంతో పాటు మొలిబ్డేట్ అనే లవణం కలుపుతారు. ద్రవంలో ఫాస్ఫేట్, అంటే భాస్వరం ఉండే పదార్థం, ఉంటే మొలిబ్డేట్‌తో జతకడుతుంది. దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చే మరో రసాయనం చేరిస్తే ద్రవం నీలంగా మారుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. తెలిసిన కొలతతో చేసిన నీలాన్ని పక్కన పెట్టి రెండిటినీ పోల్చుకుంటే లెక్క తేలిపోతుంది.

నీలం రంగు ఆలోచన వీళ్లది కాదు. 1920లో బెల్, డోయిసీ ఇదే దారిలో ఒక పద్ధతి ఇచ్చారు, తర్వాత బ్రిగ్స్ దాన్ని సవరించాడు. వాటితో చిక్కేమిటంటే రంగు నిలకడగా ఉండేది కాదు, రావడానికీ టైము పట్టేది. ఫిస్క్, సుబ్బారావు రంగు రప్పించే రసాయనాన్ని మార్చారు. అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ యాసిడ్ అని పేరు పెద్దది గానీ, అది చేసే పని చిన్నదే, రంగు త్వరగా వస్తుంది, వచ్చింది కాసేపు నిలబడుతుంది. కొద్దిపాటి శాంపిల్ చాలు.

గోదావరి డెల్టాలో ఈ రంగు చూడని ల్యాబ్ దాదాపు ఉండదు. వరి చేలో మట్టి తీసుకెళ్లి భూసార పరీక్ష చేయించినా, రొయ్యల చెరువు నీళ్లు సీసాలో పట్టి ఇచ్చినా, ఆస్పత్రిలో రక్తంలో ఫాస్ఫరస్ చూడమని రాసినా లోపల జరిగేది ఈ కుటుంబానికి చెందిన పరీక్షే. మట్టికీ నీళ్లకీ ఇప్పుడు ఎక్కువగా వాడేది 1962లో మర్ఫీ, రైలీ ఇచ్చిన పద్ధతి, అందులో రంగు రప్పించేది విటమిన్ సి. కాబట్టి భూసార పరీక్ష సుబ్బారావుదే అనేస్తే మళ్లీ ఫార్వర్డ్ లాంటిదే అవుతుంది. కణాల లోపలి రసాయనాల పరిశోధనలో మాత్రం దశాబ్దాల పాటు నడిచింది ఫిస్క్-సుబ్బారావు పద్ధతే.

ఆలస్యంగా వచ్చిన రంగు

పద్ధతి తయారయ్యాక దాన్ని కండరం మీద వాడారు. అక్కడ ఒక తేడా కనిపించింది. మామూలు ఫాస్ఫేట్ అయితే రంగు టకటకా రావాలి. కండరం రసంలో మాత్రం మెల్లగా, సాగుతూ చిక్కబడింది. ఇంకొకరైతే రసాయనం పాడయిందనుకుని పారబోసి ఉండేవాళ్లేమో. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. రంగు ఆలస్యంగా వస్తోందంటే ఫాస్ఫేట్ మొదట్లో విడిగా లేదని, దేనికో అంటుకుని ఉండి, ఆమ్లం తగిలాక కొంచెం కొంచెంగా ఊడి వస్తోందని అర్థం.

అలా బయటపడింది ఫాస్ఫోక్రియాటిన్, 1927లో. అంతకు ముందు కండరాన్ని పరీక్షించిన వాళ్లంతా ఆమ్లంలో దాన్ని తెలియకుండానే విరగ్గొట్టి, వచ్చిన మొత్తాన్ని విడి ఫాస్ఫేట్ కింద రాసేసుకున్నారు. అందుకే ఆ పేపరు శీర్షికలో 'ఇనార్గానిక్ ఫాస్ఫేట్' అన్న మాటని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టారు. అంటే మీరంతా అనుకుంటున్న ఆ పదార్థం నిజానికి అది కాదు అని మర్యాదగా చెప్పడమన్నమాట. అదే ఏడాది ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడా ఇలాంటి పదార్థాన్నే పట్టుకుని ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. అది ఫాస్ఫేటు క్రియాటిన్‌తో జతకట్టిన పదార్థమని తేల్చింది ఫిస్క్, సుబ్బారావు. కండరాన్ని పని చేయిస్తే అది తగ్గుతుందని, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతుందని కూడా చూపించారు.

దీని బరువు తెలియాలంటే అప్పటి పరిస్థితి చూడాలి. కండరం లాక్టిక్ యాసిడ్ వల్లే ముడుచుకుంటుందని అందరూ నమ్ముతున్న రోజులవి, ఆ రంగంలో పని చేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకి 1922 నోబెల్ వచ్చింది కూడా. ఫాస్ఫోక్రియాటిన్ దొరకడంతో ఆ నమ్మకం కదిలింది. 1930లో డెన్మార్క్‌లో లుండ్స్‌గార్డ్ లాక్టిక్ యాసిడ్ తయారవకుండా విషం ఇచ్చినా కండరం కొంతసేపు ముడుచుకుంటుందని, ఆ మేరకు ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందని చూపించాక అది పూర్తిగా కూలింది.

ఏటీపీ ఎవరిది?

1929లో ఏటీపీ గురించి ముందు ప్రచురించింది జర్మనీలో మేయర్‌హాఫ్ ల్యాబ్‌లో పనిచేసే కార్ల్ లోమన్. అదే ఏడాది ఫిస్క్, సుబ్బారావు కూడా, లోమన్ పనితో సంబంధం లేకుండా, కండరం నుంచీ కాలేయం నుంచీ దాన్ని వేరు చేసి 'సైన్స్' అనే పత్రికలో రాశారు. కాబట్టి 'విడివిడిగా ఇద్దరూ' అనడమే సరి. ఇందులో తగ్గింపేమీ లేదు, ఒకే పదార్థం రెండు ఖండాల్లో రెండు పద్ధతుల్లో ఒకేసారి దొరికిందంటే ఆ ఫలితం మీద నమ్మకం పెరుగుతుంది గానీ తగ్గదు.

ఈ రెండు పదార్థాలకీ లంకె ఇది. ఏటీపీ చేతిలో ఉన్న డబ్బు లాంటిది, కణం ఏ పని చేసినా ఖర్చయ్యేది అదే. మనిషి ఒంట్లో ఏ క్షణాన చూసినా అది కొద్దిగానే ఉంటుంది, విరుగుతూ మళ్లీ అతుక్కుంటూ రోజు మొత్తానికి దాదాపు మనిషి బరువంత తిరుగుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ కొంగున ముడేసుకున్న చిల్లర. కబడ్డీలో కూతకి వెళ్లినవాడు ఒక్కసారి గెంతినప్పుడు మొదటి కొన్ని సెకన్లూ ఆ ముడి విప్పుకునే గడుస్తాయి.

ఏటీపీ కణం మొత్తానికీ శక్తినిచ్చే చెలామణీ అని 1941లో లిప్‌మన్ వివరించేదాకా దీని అసలు విలువ చాలామందికి అందలేదు. ఈలోగా ఫిస్క్-సుబ్బారావు జంట పని కూడా నెమ్మదించింది. ఆ ల్యాబ్‌లోనే చదువుకుని తర్వాత 1988లో నోబెల్ పంచుకున్న జార్జ్ హిచింగ్స్ మాటగా ఒకటి ప్రచారంలో ఉంది. సుబ్బారావు వేరు చేసిన కొన్ని న్యూక్లియోటైడ్లని (ఏటీపీ కూడా ఈ జాతిదే) ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని, ఫిస్క్ అసూయతో వాటిని బయటికి రానివ్వకపోవడమే దానికి కారణం కావచ్చని దాని సారాంశం. ఇది ఒక వైపు నుంచి వచ్చిన సాక్ష్యం, ఫిస్క్ వైపు మాట ఎక్కడా వినపడదు. అలాగని కొట్టిపారేయడమూ కష్టమే.

పేరు వినపడని పలుకుబడి

శాస్త్రవేత్త ప్రభావాన్ని ఆయన పేపర్లని ఎన్నిసార్లు ఉటంకించారు అన్నదాన్ని బట్టి కొలవడం మామూలు. ఈ కొలబద్దకి ఒక వింత లక్షణం ఉంది. చరిత్రలో అత్యధికంగా ఉటంకించిన పేపరు 1951 నాటి లౌరీ పేపరు, ప్రొటీన్‌ని రంగుతో కొలిచే పద్ధతి, ఉటంకింపులు 3 లక్షలు దాటాయి. రెండు, మూడు స్థానాల్లో ఉన్నవీ ప్రొటీన్ పద్ధతులే. డీఎన్ఏ మెలితిరిగిన నిచ్చెన గురించి వాట్సన్, క్రిక్ రాసిన పేపరు 2014లో నేచర్ పత్రిక వేసిన మొదటి 100 జాబితాలో అసలు లేదు! పెద్ద సిద్ధాంతం పాఠ్యపుస్తకంలోకి ఎక్కాక దాన్ని ఎవరూ ఉటంకించరు, అందరికీ తెలిసిందే కదా అనుకుంటారు. పద్ధతిని మాత్రం ప్రయోగం చేసిన ప్రతిసారీ 'ఫలానా వాళ్ల ప్రకారం కొలిచాం' అని రాయాల్సిందే.

ఫిస్క్-సుబ్బారావు పేపరు ఈ రెండో రకం. బయోకెమిస్ట్రీలో, కణజీవశాస్త్రంలో అది చేసిన పని గురించి తెలుగులో పెద్దగా రాసినట్టు కనపడదు, అందుకే ఇక్కడ కాస్త ఆగాలి. కణంలో ఎన్నో ఎంజైములు ఫాస్ఫేట్‌ని ఊడగొట్టి పని చేస్తాయి. ఎంజైము ఎంత చురుగ్గా ఉందో తెలియాలంటే ఎంత ఫాస్ఫేట్ ఊడిందో కొలిస్తే చాలు. అంటే ఫాస్ఫేట్‌ని కచ్చితంగా కొలవడం చేతనైతే ఎంజైముని చూడకుండానే దాని జాడ పట్టవచ్చు.

లైసోజోమ్ కథ దీనికి మంచి ఉదాహరణ. 1949లో బెల్జియంలోని లూవెన్‌లో క్రిస్టియాన్ ద దూవ్ ల్యాబ్‌లో ఎలుక కాలేయాన్ని రుబ్బి, యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైముని అది ఊడగొట్టే ఫాస్ఫేట్‌ని బట్టి కొలిచారు. రావాల్సిన దానిలో పదో వంతే వచ్చింది. శాంపిల్‌ని ఫ్రిజ్‌లో పెట్టి అయిదు రోజుల తర్వాత మళ్లీ కొలిస్తే ఉండాల్సినంతా ఉంది. ఎంజైము ఏదో సంచీలో బందీగా ఉందని, సంచీ పొర చిరిగాక బయటికొచ్చిందని అలా తెలిసింది. ఆ సంచీయే లైసోజోమ్, కణం తన చెత్తని అరిగించుకునే చోటు. 1974లో ద దూవ్‌కి, ఆల్బర్ట్ క్లాడ్, జార్జ్ పలాడేలతో కలిపి నోబెల్ వచ్చింది. మైక్రోస్కోపులో చూడకముందే ఫాస్ఫేట్ లెక్కలు కణంలో కొత్త అవయవాన్ని పట్టించాయి.

కణం పొరలోని కొవ్వుల్ని కొలవడానికి 1959లో బార్ట్‌లెట్ ఇచ్చిన పద్ధతి నేరుగా ఫిస్క్-సుబ్బారావు రసాయనం మీదే నిలబడింది. పొరల మీద, లైపోజోములనే చిన్న కొవ్వు బుడగల మీద పని చేసేవాళ్లు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు. వాళ్లలో చాలామందికి సుబ్బారావు అంటే రసాయనం సీసా మీద ఉండే మాటే, భీమవరం సంగతి తెలిసే అవకాశం తక్కువ.

తాళంచెవీ, అలాంటిదే ఇంకోటీ

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీకి మారారు, త్వరలోనే అక్కడ పరిశోధన మొత్తానికి డైరెక్టర్ అయ్యారు. ఇక్కడి నుంచే 'కనిపెట్టించారు' అనే మాట సరిగ్గా సరిపోతుంది.

ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు, విరేచనాలతో పాటు రక్తం క్షీణించే జబ్బది. దానికి మందు కోసమే ఫోలిక్ యాసిడ్ కనిపెట్టారని కథ చెబుతారు. కథ అబద్ధం కాదు గానీ నిజం దీనికన్నా మెలికలుగా ఉంది. ఆయన చాలాకాలం వెతికింది పెర్నిషియస్ అనీమియా అనే ఒక రకం రక్తహీనతని తగ్గించే, కాలేయంలో ఉండే పదార్థం కోసం. చివరికి అది బీ12 అని తేలింది, 1948లో వేరేవాళ్లు వేరు చేశారు. ఈ దారిలో లెడర్లీకి చిక్కింది ఫోలిక్ యాసిడ్. ఆ పదార్థం జాడ అప్పటికే కొందరికి తెలుసు. బొంబాయి మిల్లు కార్మికుల్లో గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని ఇంగ్లిష్ డాక్టర్ లూసీ విల్స్ అంతకు ముందే చూపించింది, 1941లో టెక్సస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి కొంచెం పదార్థం తీసి, ఆకు అని అర్థమొచ్చే లాటిన్ మాటతో దానికి ఫోలిక్ అని పేరు పెట్టారు. దాని నిర్మాణం తేల్చి కృత్రిమంగా తయారు చేసింది లెడర్లీ బృందం. 1946 నాటి ఆ పేపరులో పదహారు మంది పేర్లున్నాయి, సుబ్బారావుది వాటిలో ఒకటి. ఈ రోజు పీహెచ్‌సీలో గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో ఉండేది ఇదే ఫోలిక్ యాసిడ్.

తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. ఫోలిక్ యాసిడ్ ఎలా ఉంటుందో తెలిసింది కాబట్టి అచ్చం దానిలాగే ఉండి పని మాత్రం చేయని పదార్థాలు కూడా తయారు చేయవచ్చు. నకిలీ తాళంచెవిలా అది తాళంలోకి దూరుతుంది గానీ తిరగదు, ఇరుక్కుపోయి అసలు తాళంచెవిని కూడా దూరనివ్వదు. కణం విభజన చెందాలంటే డీఎన్ఏ చేసుకోవాలి, దానికి ఫోలిక్ కావాలి. వేగంగా విభజన చెందే క్యాన్సర్ కణాలకి ఈ దెబ్బ ముందు తగులుతుంది. బోస్టన్‌లో పిల్లల ఆస్పత్రి పాథాలజిస్ట్ సిడ్నీ ఫార్బర్ లెడర్లీ ఇచ్చిన అమైనోప్టెరిన్ అనే అలాంటి పదార్థాన్ని లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లల మీద వాడి 1948 జూన్‌లో ఫలితాలు రాశాడు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆలోచనా చికిత్సా ఫార్బర్‌వి, మందు తయారు చేసిన రసాయన శాస్త్రవేత్తలు లెడర్లీవాళ్లు, ఆ పనిని నడిపించింది సుబ్బారావు. దానికి తమ్ముడు వరస అయ్యే మెథోట్రెక్సేట్ ఇప్పుడు కీళ్లవాతానికీ సోరియాసిస్‌కీ కూడా వాడుతున్నారు. వారానికి ఒక్కసారే వేసుకోవాలి, దాని దుష్ప్రభావాలు తగ్గడానికి డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లు ఉంటారు కాబట్టి ఈ 'వారానికి' అన్న మాటని చీటీలో రెండుసార్లు చూసుకోవడం మంచిది.

ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది అది. మిస్సోరీ పొలం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని పట్టుకున్నది ఏడు పదులు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్. ఆ వయసులో ఆయన పని చేసింది సుబ్బారావు నడిపే సంస్థలో.

నోబెల్ ఎందుకు రాలేదంటే, మందుల విలువ లోకానికి తెలిసేలోపే, 1948 ఆగస్టులో, 53 ఏళ్లకి ఆయన చనిపోయారు. పోయినవారికి నోబెల్ ఇవ్వరు. కంపెనీ పరిశోధనలో పేరు పదిమంది మధ్య పంచుకోవడం, తన గురించి తాను చెప్పుకోని స్వభావం కూడా తోడయ్యాయి.

బోదకాలు మాత్ర

ఆయన పని డెల్టాకి నేరుగా తిరిగొచ్చింది డీఈసీ (డైఇథైల్‌కార్బమజైన్) అనే బోదకాలు మాత్ర రూపంలో. బోదకాలు పురుగు పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి, క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు దానిలోకి వెళ్లి ఇంకొకరికి చేరతాయి. ఆ దోమకి కావాల్సింది మురికి నీళ్లు, కాలువలూ డ్రెయిన్లూ ఇళ్లని ఆనుకుని ఉండే ఈ నేలలో వాటికి కొదవ లేదు. గోదావరి జిల్లాల్లో రాత్రిళ్లు వీధుల్లోకొచ్చి వేలికొన నుంచి రక్తం చుక్క తీసుకెళ్లే ఫైలేరియా సిబ్బంది పాతతరానికి బాగా గుర్తే.

పసిఫిక్ దీవుల్లో అమెరికన్ సైనికులకి ఈ జబ్బు సోకడంతో లెడర్లీలో వెతుకులాట మొదలైంది. అడవి ఎలుకల్లో ఉండే ఇలాంటి పురుగు మీద ఎన్నో పదార్థాల్ని పరీక్షించి డీఈసీని ఎంచుకున్నారు. 1947 నాటి పేపరులో మొదటి పేరు హ్యూవిట్‌ది, చివరి పేరు సుబ్బారావుది.

ఈ మందు తీరు కొంచెం విచిత్రం. గాజుగొట్టంలో పురుగు మీద పోస్తే పెద్దగా ఏమీ చేయదు, ఒంట్లోకి వెళ్లాక మన రోగనిరోధక శక్తి సాయంతో పురుగు పిల్లల్ని త్వరగా ఖాళీ చేస్తుంది. అవి చచ్చేటప్పుడు కొందరికి జ్వరం, తలనొప్పి, తల తిరగడం వస్తాయి. పురుగులు ఉన్నవాళ్లకే ఇవి ఎక్కువ, అంటే జ్వరం వచ్చిందంటే మందు పని చేస్తోందనే. ఊళ్లో మాత్రం 'మాత్ర వేసుకుంటే జ్వరమొచ్చింది' అన్న మాట ముందు పాకుతుంది, మర్నాడు ఆశా కార్యకర్త వస్తే మాత్రలు తీసుకుని 'తిన్నాక వేసుకుంటాం లెండి' అని గూట్లో పెట్టేస్తారు. ఇంకో ఫిర్యాదు కాలు తగ్గలేదని. ఒకసారి దెబ్బతిన్న లింఫు నాళాల్ని ఈ మాత్ర బాగుచేయదు, వాపు మిగిలే ఉంటుంది. ఏటా ఊరందరికీ ఇవ్వడం వెనక లెక్క వేరు. తల్లి పురుగులు ఏళ్ల తరబడి బతికి పిల్లల్ని వదులుతూనే ఉంటాయి, కాబట్టి వరసగా కొన్నేళ్లు రక్తంలో పిల్లలు లేకుండా చేస్తే దోమకి అందించడానికి ఏమీ మిగలదు. జబ్బు లేనట్టు కనిపించేవాళ్లు మానేస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే రక్తంలో పురుగు పిల్లలు ఉన్నవాళ్లలో చాలామందికి కాలు మామూలుగానే ఉంటుంది.

చైనా ఇదే మందుని ఉప్పులో కలిపి పంచి 2007 నాటికి జబ్బుని వదిలించుకుంది. మన దేశం ఏటా మాత్రలిచ్చే దారి ఎంచుకుంది, డీఈసీతో పాటు ఆల్బెండజోల్, 2018 తర్వాత కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ అనే ఇంకో పురుగుల మందు కూడా కలిపి ఇస్తున్నారు, జబ్బుని వదిలించుకోవడానికి పెట్టుకున్న గడువు 2027. పెద్దవాళ్లకి 100 మిల్లీగ్రాముల డీఈసీ మాత్రలు మూడు. గర్భిణులకీ, రెండేళ్లలోపు పిల్లలకీ, బాగా జబ్బుగా ఉన్నవాళ్లకీ ఇవ్వరు. మిగతావాళ్లు సిబ్బంది ఎదురుగానే మింగాలి.